చెప్పి పెట్టాల్సిన మిఠాయి

కిందటి ఏడాది మార్చిలో మా పాప పుట్టినరోజుకి ఇంట్లోనే నల్లద్రాక్ష గమ్మీలు, అంటే నమిలే జెల్లీ మిఠాయిలు, చేశాను. సిలికాన్ అచ్చుల్లో పోసి ఫ్రిజ్‌లో పెట్టి, సాయంత్రం పిల్లలొచ్చే వేళకి ఒక్కొక్కటీ వేలితో నొక్కి తీస్తుంటే అవి ప్లేట్లో పడి సన్నగా వణికాయి. ముదురు వంకాయ రంగు. లైటుకి అడ్డంగా పట్టుకుంటే లోపల ఎర్రగా మెరుస్తున్నాయి. అంతకు ముందు మూడుసార్లు చేసి పాడుచేశాను కాబట్టి, ఆరోజు అవి అంత బాగా కుదిరినందుకు నిజంగానే గర్వపడ్డాను.

పిల్లలు కేకు కంటే ముందు వాటి మీదే పడ్డారు. పై అంతస్తు పాప నాలుగు తింది. ఆ పాపని తీసుకెళ్ళడానికి వచ్చిన వాళ్ళ మామ్మగారు ప్లేట్లో మిగిలిన ఒకదాన్ని చేతిలోకి తీసుకుని, "ఎంత ముద్దుగా ఉన్నాయమ్మా! ఏమేం వేశావు?" అని అడిగారు. "ద్రాక్షపళ్ళ రసం, పంచదార, కాస్త నిమ్మరసం. రంగులేమీ కలపలేదండి మామ్మగారూ, అంతా ఇంట్లో చేసిందే" అన్నాను. ఆవిడ నోట్లో వేసుకున్నారు.

నేను చెప్పినవన్నీ నిజాలే. చెప్పనిది ఒక్కటే, జెలటిన్. అది జంతువుల ఎముకల నుంచీ చర్మం నుంచీ తీసేది. వాళ్ళింట్లో కోడిగుడ్డు కూడా తినరు. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. పాప అప్పటికే తినేసింది, ఇప్పుడు చెబితే ఇంతమందిలో ఏం గొడవవుతుందోనని టెన్షన్. కానీ అసలు తప్పు ఆ క్షణంలో జరగలేదు. మధ్యాహ్నం అచ్చుల్లో పోసేటప్పుడే ఆ పాప వస్తుందని నాకు తెలుసు. అప్పుడు ఆ ఆలోచనే రాలేదు.

ఆ రాత్రి నిద్రపట్టక పడుకుని ఆలోచిస్తే ఒక విషయం తేటపడింది. ఇంట్లో చేసిందే మంచిదని మనం ఎందుకంటాం? అందులో ఏముందో మనకి తెలుసు కాబట్టి. ఆ తెలిసింది మన దగ్గరే ఉంచుకుని ఎదుటివాళ్ళకి పెడితే, వాళ్ళ వైపు నుంచి చూస్తే అది బజారు ప్యాకెట్ కంటే నాసి. ప్యాకెట్ మీద కనీసం గుర్తు ఉంటుంది. మన దేశంలో 2001 నుంచి ప్యాకెట్ తిండి మీద ఆ చదరపు గడి వేస్తున్నారు. ఆకుపచ్చ చుక్క ఉంటే శాకాహారం, గోధుమరంగు ఉంటే మాంసాహారం. 2020 నిబంధనల్లో గోధుమరంగు చుక్క బదులు త్రికోణం పెట్టారు, రంగులు సరిగ్గా పోల్చుకోలేనివాళ్ళకి కూడా తెలిసేలా. ముక్కూమొహం తెలియని కొనుగోలుదారుకి కంపెనీ అంతమాత్రం చెప్పాల్సి ఉంటే, మన గడప తొక్కి వచ్చి, మన మీద నమ్మకంతో చెయ్యి చాపిన మనిషికి మనం ఇంకెంత చెప్పాలి?

జెలటిన్ మానేయమని నేననడం లేదు. నేను ఇప్పటికీ దానితో చేస్తాను. చెప్పి పెట్టమంటున్నాను.

జెలటిన్ అనగానే అదేదో ల్యాబ్‌లో పుట్టిన తెల్లపొడి అనుకుంటారు చాలామంది. మాంసం వండుకునే ఇళ్ళలో అది ఎప్పటినుంచో ఉంది, ఆ పేరుతో పిలవలేదంతే. మా అమ్మ రాత్రి చేపల పులుసు దించి మూతపెట్టి వదిలేసేది. చలికాలంలో పొద్దున్నే మూత తీస్తే పులుసు కదలకుండా పేరుకుని ఉండేది. గరిటె గుచ్చితే ముక్కగా లేచొచ్చేది. ఆ ముక్కని వేడన్నం మీద పెట్టి, అది అంచుల నుంచి కరిగి మెతుకుల్లోకి దిగుతుంటే చూడటం మా అన్నదమ్ములకీ నాకూ ఒక ఆట. హైదరాబాద్‌లో తెల్లవారుజామున పాయా తాగినవాళ్ళకి పెదాలు ఒకదానికొకటి అతుక్కోవడం గుర్తుండే ఉంటుంది. ఈ రెండూ ఒకటే. చర్మంలో, ఎముకల్లో, కీళ్ళలో ఉండే కొలాజెన్ అనే ప్రోటీన్ మూడు పేటల తాడులా పెనవేసుకుని ఉంటుంది. నీళ్ళలో చాలాసేపు ఉడికితే ఆ పేటలు విడిపోతాయి. చల్లారేటప్పుడు అక్కడక్కడా మళ్ళీ మెలిపడి, ఆ సందుల్లో నీటిని పట్టి ఉంచుతాయి. అలా పేట విడిన కొలాజెనే జెలటిన్.

ఫ్యాక్టరీలో జరిగేదీ ఇదే పని, పెద్ద ఎత్తున. ఎముకల్ని నలగ్గొట్టి పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో నానబెడతారు. గట్టిదనాన్నిచ్చే ఖనిజాలు కరిగిపోయి, ఒస్సీన్ అనే మెత్తటి పదార్థం మిగులుతుంది. దాన్ని వారాల తరబడి సున్నపునీళ్ళలో ఉంచి, కడిగి, వేడినీళ్ళలో జెలటిన్ దిగేలా చేసి, వడగట్టి, ఆరబెట్టి పొడి చేస్తారు. మన దేశంలో తయారయ్యేది ఎక్కువగా పశువుల ఎముకల నుంచి. యూరప్‌లో పందిచర్మం వాడకం ఎక్కువ. చేపల చర్మం నుంచి కూడా తీస్తారు.

ఇక్కడే ఇంకో సంగతుంది. ఇది శాకాహారుల గొడవ, మాంసం తినేవాళ్ళకి పట్టదు అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. మా ఇంట్లో చేప, కోడి, మేక తింటాం, పశుమాంసం తినం. మరి నా వంటింట్లో ఉన్న జెలటిన్ దేనిది? మామ్మగారి సంగతి జరిగాక డబ్బా తిప్పి తిప్పి చూశాను. గోధుమరంగు గుర్తు ఉంది, జంతువు పేరు లేదు. పండగలకి మాకు సేమ్యా పంపే ముస్లిం స్నేహితురాలి పిల్లలకి కూడా ఆ గమ్మీలు ఇచ్చాను. వాళ్ళకి పంది కాకపోవడం ఒక్కటే చాలదు, మిగతా జంతువైనా హలాల్ అయి ఉండాలి. ఏమీ తెలుసుకోకుండా నేను ఎంతమంది ఇళ్ళకి డబ్బాలు పంపానో తలుచుకుంటే మనసు చివుక్కుమంది. ఇప్పుడు చేప జెలటిన్ అని స్పష్టంగా రాసి ఉన్నదే తెప్పించుకుంటున్నాను. ధర ఎక్కువ. పట్టు కాస్త తక్కువ, త్వరగా కరుగుతుంది కూడా. అయినా అదే.

బేకింగ్ సామాన్ల షాపుల్లో 'వెజ్ జెలటిన్' అని రాసిన పొడులూ దొరుకుతాయి. జెలటిన్ అన్న మాటకి అర్థమే జంతువు నుంచి తీసినది. ఆ ప్యాకెట్లలో సాధారణంగా ఉండేది అగరో, కారాజినానో, రెండూ సముద్రపు నాచు నుంచి వచ్చేవి. అవి మంచి సరుకే. పేరే తికమక పెడుతుంది. వాటి కొలతలు, గుణాలు వేరు కాబట్టి జెలటిన్ రెసిపీలో వేస్తే పాడవుతుంది.

ఇక చేయడం సంగతి. నేను పాడుచేసిన మూడుసార్లూ చెబితే పద్ధతి అదే తెలుస్తుంది.

మొదటిసారి కొలత తప్పాను. గిన్నెలో చెంచాతో తినే మెత్తటి జెల్లీకి 7 గ్రాముల జెలటిన్ దాదాపు అర లీటరు రసానికి సరిపోతుంది. గమ్మీకి అది ఏ మూలకీ రాదు. 250 మిల్లీలీటర్ల రసానికి 30 నుంచి 35 గ్రాములు కావాలి, అంటే తొమ్మిది పది రెట్లు. చూడటానికి భయమేసేంత పొడి అది. నాలుగు గ్రాములతో చేసి, అచ్చులోంచి తీయబోతే చేతికి తడి మాత్రమే తగిలింది.

రెండోసారి కొలత సరిచూసుకుని, వేడి రసంలో పొడి ఒక్కసారిగా గుమ్మరించాను. పైపొర తడిసి బిగుసుకుపోయింది, లోపల పొడి పొడిగానే ఉండిపోయింది. ఎంత కలిపినా ఉండలు విడలేదు. జెలటిన్‌ని ముందు చల్లటి రసంలో నానబెట్టాలి. వెడల్పాటి గిన్నెలో రసం పోసి, పొడిని చిటికెలతో పైన అంతటా చల్లాలి. ఒక నిమిషం అది ఇసుకలా తేలుతుంది. తర్వాత ఒక్కో గింజా రసం పీల్చుకుని ఉబ్బుతూ, పక్కదానికి అంటుకుంటూ, పది నిమిషాలకి గిన్నె వంచినా జారని ముద్దవుతుంది. నేను ఇప్పటికీ ఆ పది నిమిషాలూ పక్కనే నిలబడి చూస్తాను.

ఆ ముద్దని నేరుగా మంట మీద పెట్టకండి. పెద్ద గిన్నెలో నీళ్ళు కాచి, దాని మీద ఈ గిన్నె పెట్టి, మెల్లగా తిప్పుతూ కరిగించాలి. మరగనిస్తే పట్టు తగ్గుతుంది. మూడు చెంచాల పంచదార అప్పుడే వేయాలి. దించాక అర చెక్క నిమ్మరసం. బత్తాయి రసమైతే దాన్ని అసలు వేడి చేయకూడదు, చేదెక్కుతుంది. కాసిని నీళ్ళలో జెలటిన్ నానబెట్టి కరిగించుకుని, దించాక ఆ రసం కలుపుకోవాలి. నీళ్ళు, రసం కలిపి మొత్తం 250 మిల్లీలీటర్లు దాటకుండా చూసుకోండి. పైన తేలే నురుగు చెంచాతో తీసేస్తే గమ్మీ అద్దంలా వస్తుంది. రెండు గంటలు ఫ్రిజ్‌లో ఉంచితే చాలు.

కరిగేటప్పుడు సన్నగా ఒక వాసన వస్తుంది. పశువుల జెలటిన్‌కైతే ఇంకా తెలుస్తుంది. మాంసం వండే ఇంట్లో పుట్టాను కాబట్టి నాకది తెలిసిన వాసనే, ఎముకల చారు మొదటి పొంగు వచ్చేటప్పటి వాసన. నిమ్మరసం పడగానే అణిగిపోతుంది. ఆ పుట్టినరోజు నాడు కూడా అణిగిపోయింది. మామ్మగారి ముక్కుకి అందకుండా చేసింది ఆ అర చెక్క నిమ్మకాయే. అందుకే ఇప్పుడు నిమ్మకాయ పిండుతున్న ప్రతిసారీ ఆవిడ గుర్తొస్తారు.

మూడోసారి అనాసపండుతో చేశాను. అన్నీ సరిగ్గానే చేశాను, కొలత, నానబెట్టడం, కరిగించడం. అచ్చుల్లో పోసేముందు, పచ్చి రుచి పోకూడదని తాజా అనాస రసం కలిపాను. రెండు గంటలైంది, రాత్రంతా అయింది, పొద్దున చూస్తే అచ్చుల్లో పసుపు నీళ్ళు. తర్వాత తెలుసుకున్నాను, పచ్చి అనాసలో బ్రొమెలైన్ అనే ఎంజైమ్ ఉంటుంది, అది ప్రోటీన్‌ని ముక్కలు చేస్తుంది. జెలటిన్ ప్రోటీన్ కాబట్టి దాన్నీ ముక్కలు చేసింది. బొప్పాయిలో పపైన్, కివీలో, అంజీరలో, అల్లంలో కూడా ఇలాంటివే ఉన్నాయి. ముదురు మటన్ మెత్తబడటానికి పచ్చి బొప్పాయి ముద్ద పట్టించే ఇళ్ళవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. కబాబ్ గిన్నెలో జరిగేదే జెల్లీ గిన్నెలోనూ జరిగింది. రసాన్ని ముందు ఐదు నిమిషాలు మరిగించి చల్లార్చి వాడితే ఎంజైమ్ చచ్చిపోతుంది, అప్పుడు చక్కగా గడ్డకడుతుంది. డబ్బాలో వచ్చే అనాస ముక్కలు అప్పటికే వేడి చేసినవి కాబట్టి వాటితో ఇబ్బంది లేదు.

అదే పచ్చి అనాస రసంలో అగర్ వేసి చూడండి, హాయిగా గడ్డకడుతుంది. అగర్ ప్రోటీన్ కాదు, ఆ ఎంజైమ్‌కి అందులో పని లేదు. అంటే ఏది ఒంటి నుంచి వచ్చిందో, ఏది నాచు నుంచి వచ్చిందో అనాసపండు కూడా పసిగడుతోంది. ఇంక నేను మామ్మగారితో 'చిన్న చెంచాడు పొడే కదా, దాన్ని మాంసం అంటామా' అని వాదించడానికి నోరెక్కడుంది?

అగర్ అన్నాను కాబట్టి దాని సంగతి కాస్త వివరంగా చెప్పాలి. కిరాణా కొట్లో చైనా గ్రాస్ అని అడిగితే ఇస్తారు. రామేశ్వరం, మండపం తీరంలో ఆడవాళ్ళు సముద్రంలో మునిగి ఏరి తెచ్చే ఎర్రనాచులు కూడా దీని తయారీకి వెళ్తాయి. జెలటిన్‌కీ దీనికీ ఉన్న పెద్ద తేడా ఎండ. జెలటిన్ 30, 35 డిగ్రీల మధ్య కరిగిపోతుంది. నోట్లో వేసుకోగానే కరగడం అందుకే, మన ఒంటి వేడి అంతకంటే ఎక్కువ. మాది విజయవాడ. ఏప్రిల్ దాటితే మా వంటగది గట్టు మీదే అంతకన్నా ఎక్కువ ఉంటుంది. వేసవి క్యాంపుకి మా పాప డబ్బాలో పెట్టిచ్చిన మామిడి గమ్మీలు పదకొండు గంటలకల్లా ఒకే ముద్దయి మూతకి అంటుకున్నాయి. ఇలాంటి రెసిపీలు చాలావరకు చలిదేశాల వంటిళ్ళ నుంచి వస్తాయి. అక్కడ బల్ల మీద పెట్టినా నిలబడతాయి, ఇక్కడ నిలబడవు. అగర్ మాత్రం ఒకసారి గడ్డకట్టాక 85 డిగ్రీల దాకా చెక్కుచెదరదు.

ఇదే ఇబ్బంది 1881లో జర్మనీలో సూక్ష్మజీవుల శాస్త్రవేత్త రాబర్ట్ కోఖ్ దగ్గర పనిచేసిన వాల్టర్ హెస్సెకి కూడా వచ్చింది. అప్పట్లో సూక్ష్మజీవుల్ని జెలటిన్ మీద పెంచేవాళ్ళు. వేసవి వేడికి జెలటిన్ కరిగిపోయేది. దానికి తోడు కొన్ని సూక్ష్మజీవులు జెలటిన్‌నే తినేసి నీరు చేసేవి, మా అనాస రసంలాగే. దారి చూపింది ఆయన భార్య ఫానీ హెస్సె. ఆవిడ జెల్లీల్లో, పుడ్డింగుల్లో అగర్ వాడేవారు. చిన్నప్పుడు అమెరికాలో ఉండగా, జావాలో నివసించి వచ్చిన పొరుగువాళ్ళ దగ్గర నేర్చుకున్నారు. వేడిదేశపు వంటింటి తెలివి అలా ల్యాబ్‌లోకి వెళ్ళింది. కోఖ్ 1882లో క్షయ క్రిమి గురించి ప్రకటించిన పత్రంలో అగర్ ప్రస్తావన ఉంది, ఆవిడ పేరు లేదు. నేటికీ ల్యాబుల్లో సూక్ష్మజీవుల్ని పెంచే పళ్ళేల్లో ఎక్కువగా ఉండేది అగరే. ఈ కథ చదివినప్పుడు నాకు ముందు తట్టింది మా ఫ్రిజ్. సూక్ష్మజీవులకి అంత ఇష్టమైన తిండిని రోజుల తరబడి బయట ఉంచకూడదు. బజారు గమ్మీని పిండిలో గుంటలు చేసి పోసి, ఒక రోజూ ఆ పైనా ఆరబెడతారు, అందులో తేమ తక్కువ కాబట్టి నెలలు నిలవుంటుంది. మనది నిండా నీళ్ళున్న సరుకు. ఫ్రిజ్‌లోనే ఉంచి వారంలోపు తినేయండి. నాలుగేళ్ళలోపు పిల్లలకైతే అసలు ఇవ్వకండి, గొంతుకి అడ్డం పడే ఆకారం అది.

అయితే అన్నిటికీ అగరే వాడొచ్చుగా అంటారు. వాడొచ్చు, కానీ అది వేరే మిఠాయి. అగర్ గమ్మీ సాగదు, వంచితే చిట్లుతుంది. నోట్లో కరగదు, కాస్త ముదిరిన ముంజలా పళ్ళకింద పటుక్కుమంటుంది. దాని అందం దానికుంది, ముఖ్యంగా నేరేడు రసంతో చేస్తే. 250 మిల్లీలీటర్లకి మూడు నాలుగు గ్రాముల పొడి చాలు. రసం బాగా మరగాలి, లేకపోతే కరగదు. మామిడికి మాత్రం నా మనసు జెలటిన్ వైపే. నూజివీడు రసాలు పిండి చేస్తే, అవి నాలుక మీద కరిగి రసంగా మారే ఆ క్షణం అగర్‌లో లేదు. అసలు మామిడికి ఈ తంటా అంతా ఎందుకు, భీమాళి తాండ్రో ఆత్రేయపురం తాండ్రో ఉండగా, అనే మాట మా అమ్మది. తాండ్రలో ఎముకా లేదు, నాచూ లేదు. గుజ్జు, తీపి, ఎండ, పొర మీద పొర పోసే ఓపిక. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. పిల్లలకి తాండ్ర కూడా పెడతాను.

ఇంకో రకంగా చెప్పకపోవడం కూడా ఉంది, అదే నాకు ఎక్కువ కోపం తెప్పిస్తుంది. ఇంటి గమ్మీలని ఆరోగ్యం పేరుతో పెట్టడం. జుట్టుకి మంచిది, గోళ్ళకి మంచిది, కీళ్ళకి బలం, పేగులు బాగుపడతాయి, పైగా ప్రోటీన్. ఈ మాటలు నేనూ పుట్టినరోజు ముందు పది మందికి చెప్పాను, కాబట్టి ఇప్పుడు వెనక్కి తీసుకోవాల్సిన బాధ్యత కూడా నాదే. జెలటిన్ ప్రోటీనే, కానీ అసంపూర్ణమైనది. మన ఒంటికి బయట నుంచే రావాల్సిన అమైనో ఆమ్లాల్లో ట్రిప్టోఫాన్ అందులో అసలు లేదు. పిల్లాడికి పప్పన్నం బదులు ఇది పనికిరాదు.

ఇది ఎప్పుడో తేలిన విషయం. పందొమ్మిదో శతాబ్దపు పారిస్‌లో ఎముకల నుంచి తీసిన జెలటిన్‌తో చారు కాచి, మాంసంతో సమానమైన పోషణ అని పేదలకీ ఆసుపత్రుల్లో రోగులకీ పోశారు. చవగ్గా కడుపు నింపే దారి దొరికిందని సంబరపడ్డారు. అది నిజమేనా అని చూడటానికి ఫ్రెంచ్ సైన్స్ అకాడమీ వేసిన కమిటీకి శరీరధర్మ శాస్త్రవేత్త ఫ్రాంస్వా మజాండీ నాయకత్వం వహించారు. కుక్కల మీద ఏళ్ళపాటు ప్రయోగాలు చేసి, 1841లో నివేదిక ఇచ్చారు. జెలటిన్ ఒక్కటే పెడితే అది ప్రాణాన్ని నిలబెట్టదని తేలింది. అప్పటిదాకా ఆ చారు తాగినవాళ్ళకి తాము తాగుతున్నది ఏపాటి తిండో ఎవరూ చెప్పలేదు. గిన్నెలో పోసినవాళ్ళు మంచి మనసుతోనే పోసి ఉంటారు. నేనూ మంచి మనసుతోనే పెట్టాను.

పంచదార మానేసి తేనె వేశాం, రసంలో తీపే సరిపోతుంది, అని ఇంకో మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015 మార్గదర్శకాల్లో తగ్గించమన్న చక్కెరల లెక్కలో తేనె, పళ్ళ రసం కూడా ఉన్నాయి. పండులోని పీచు వడగట్టిన గుడ్డలోనే ఉండిపోయింది కదా. ద్రాక్షగుత్తి కడిగి చేతికిస్తే అది పండు. దాని రసం పిండి, తీపి కలిపి, ఎలుగుబంటి అచ్చులో పోస్తే అది మిఠాయి. మిఠాయిని మిఠాయి అని చెప్పి పెడితే పిల్లలకి ఎప్పుడు ఎంత తినాలో నేర్పొచ్చు. మందు అని పెడితే ఇంకో నాలుగు కావాలని అడిగినప్పుడు ఏ ముఖం పెట్టుకుని వద్దంటాం?

నా వాదన విన్న వాళ్ళు ఎక్కువగా అనే మాటలు రెండు. మొదటిది, మందుల కాప్స్యూల్స్ చాలావరకు జెలటిన్‌తో చేసినవే కదా, అవి మింగేవాళ్ళకి గమ్మీ దగ్గర పట్టింపు ఎందుకని. జబ్బు చేసి, డాక్టరు రాసి, వేరే దారి లేక వేసుకునేది మందు. పుట్టినరోజు గమ్మీ వేరే దారి లేక తినేది కాదు. అసలు చాలామందికి కాప్స్యూల్ సంగతీ ఎవరూ చెప్పలేదు. ఒకచోట చెప్పలేదు కాబట్టి ఇంకోచోటా చెప్పక్కర్లేదనడం నాకు అర్థం కాదు.

రెండోది, తెలియక తింటే పాపం లేదు అనే మాట. ఇది మా ఇంట్లోనే అన్నారు, ఆ పుట్టినరోజు రాత్రే. 'వదిలెయ్, తెలియకుండా తిన్నారు, ఇప్పుడు చెప్పి బాధపెట్టడం ఎందుకు' అని. ప్రేమతో చెప్పిన మాటే. కానీ ఆ మాట తిన్నవాళ్ళు తమకి తాము చెప్పుకోవాల్సినది. పెట్టినవాళ్ళు దాని చాటున నిలబడటానికి లేదు. నాకు తెలుసు కదా. పైగా చెప్పకపోతే ఆ పాప మళ్ళీ వస్తుంది, మళ్ళీ తింటుంది. అప్పుడు నేను పెట్టేది తెలిసి పెట్టినట్టే.

మర్నాడు పొద్దున పనులయ్యాక పైకి వెళ్ళాను. మామ్మగారు బాల్కనీలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. కూర్చోమన్నారు, కూర్చోలేదు. ఉన్నదున్నట్టు చెప్పాను, అందులో జెలటిన్ వేశానని, అది దేని నుంచి వస్తుందో, నిన్న అడిగినప్పుడు తెలిసే చెప్పలేదని. ఆవిడ చేతిలో కాయ అలాగే పట్టుకుని కాసేపు ఏమీ మాట్లాడలేదు. కోప్పడతారనుకున్నాను. "పాపకి నువ్వే చెప్పమ్మా, నేను చెబితే మీ ఇంటికి వెళ్ళొద్దంటున్నానని అనుకుంటుంది" అన్నారు. అని, ఒక నిమిషం ఆగి, "నిన్ననే చెప్పుంటే బాగుండేది" అన్నారు. అంతే. ఆ సాయంత్రం ఆవిడ తలస్నానం చేసి గుడికి వెళ్తుంటే లిఫ్ట్ దగ్గర చూశాను. ఎప్పటిలా పలకరించారు. ఒక నెల రోజులు మాత్రం మా ఇంట్లో మంచినీళ్ళు తప్ప ఏమీ పుచ్చుకోలేదు. అది ఆవిడ హక్కు, నేను బతిమాలలేదు.

ఇప్పుడు మా ఫ్రిజ్‌లో రెండు డబ్బాలుంటాయి. ఎర్రమూత, ఆకుపచ్చమూత. చీటీలు అంటించాను, కానీ చీటీల అవసరం పెద్దగా రాదు. ఎవరొచ్చినా మా పాప ముందే తలుపు దగ్గర చెప్పేస్తుంది, "ఎర్రమూత చేపది, ఆకుపచ్చమూత నాచుది" అని. మొదట్లో నాకు కాస్త ఇబ్బందిగా ఉండేది, వచ్చీరాగానే ఆ మాటేంటని. కొందరు మొహం అదోలా పెడతారు. కొందరు చేప అనగానే చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంటారు, చికెన్ తినేవాళ్ళు కూడా. ద్రాక్ష మిఠాయిలో చేపేంటని పది నిమిషాలు అడుగుతారు. అడగనివ్వండి, తెలిసింది చెబుతాను. పాపని మాత్రం నేను ఆపలేదు.

ఈమధ్య నేరేడుపళ్ళు వచ్చాయని అగర్‌తో ఒక వాయి చేసి, ఆకుపచ్చమూత డబ్బా పైకి పట్టుకెళ్ళాను. మామ్మగారు ఒకటి నోట్లో వేసుకుని మెల్లగా నమిలారు.

"ఇవి పటుక్కుమంటున్నాయే" అన్నారు. "ఆరోజువి మెత్తగా కరిగిపోయాయి కదూ?"

"అవునండి మామ్మగారూ" అన్నాను.

ఆవిడ ఇంకొకటి తీసుకున్నారు.